అరవై నాలుగు శీతాకాలపు మెయిలు

పెళ్లాం కళ్లల్లో దుమ్ము కొట్టడం ఎవరికైనా కష్టమే. ఆ కళ్లకి అద్దాలు అమర్చింది తనే అయినప్పుడు మరీ కష్టం. ఈ సంగతి కళ్లజోళ్లాయనకి తట్టాల్సిన వేళకి తట్టలేదు.

కళ్లజోళ్లాయన అంటే వీధి మొగలో కళ్లద్దాల దుకాణం ఉన్నాయన. ఊళ్లో సగం మంది లోకాన్ని ఆయన బిగించిన అద్దాల్లోంచే చూస్తారు. ఆయన మాత్రం లోకాన్ని చూడటం మానేసి పద్నాలుగు నెలలైంది. చూపంతా ఇంట్లో ఎనిమిదడుగుల బల్ల మీదే. దాని మీద పట్టాలున్నాయి, వంతెన ఉంది, అగ్గిపెట్టెంత స్టేషనుంది, ఆ స్టేషన్లో వడ్లగింజంత స్టేషన్ మాస్టరు జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బల్ల మాత్రం ఆయనది కాదు, భార్యది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. గుడ్డ పరిచి కత్తిరించుకోవడానికి వడ్రంగి చేత ప్రత్యేకంగా చేయించుకున్న బల్ల అది. "రెండు వారాలు వాడుకుని ఇచ్చేస్తా" అని అడిగి తీసుకున్నాడాయన. రైళ్ల వాళ్లు చెప్పే 'రెండు నిమిషాల్లో వస్తుంది' లాంటి రెండు వారాలవి.

అప్పట్నించీ ఆవిడ నేల మీద కూర్చుని, మంచం మీద వంగి గుడ్డలు కత్తిరిస్తోంది. ఓసారి జాకెట్టు గుడ్డతోపాటు కిందున్న దుప్పటి కూడా కత్తిరించేసింది. ఆ దుప్పటి ఇప్పటికీ ఆయన వైపే పరుస్తుంది. చిల్లు సరిగ్గా మోకాలి దగ్గరికొస్తుంది.

"ఇంకొక్క రైలు పెట్టె ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిందంటే చూడండి" అని ఆవిడ హెచ్చరించిన మర్నాటి నుంచే ఆయన తెలివి పదునెక్కింది. బొమ్మ రైలు పెట్టె పొడవు బెత్తెడు పైచిలుకు. కళ్లజోడు డబ్బాలో పెడితే అచ్చంగా దానికోసమే చేసినట్టు సరిపోయింది. కళ్లజోళ్లాయన కళ్లజోడు డబ్బాలతో ఇంటికొస్తే ఎవరికి అనుమానం? అలా ఏడు పెట్టెలు ఏడు డబ్బాల్లో గుమ్మం దాటాయి.

ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ సూదిలో దారం ఎక్కించడానికి కళ్లజోడు వెతుక్కుంది. చేతికందిన డబ్బా తెరిచింది. లోపల మూడో తరగతి పెట్టె ఉంది.

"ఏమండీ, దీన్ని ముక్కు మీద ఎలా పెట్టుకోవాలి?"

ఆయన చేతిలో కాఫీ ఒలికింది. "అదా... దుకాణంలో ఎవరో మర్చిపోయారు."

"రైలు పెట్టెనా?"

"జనం ఏవేవో మర్చిపోతుంటారు."

"మిగతా డబ్బాల్లో ఏముంది? ఇంజనా?"

"ఇంజను డబ్బాలో పట్టదు" అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ డబ్బా టప్పున మూసింది. "బావుంది. మీరు పెట్టెలు తెచ్చుకుంటూ ఉండండి. నేను నా పెట్టె సర్దుకుంటాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? ఈ మూడో తరగతిలోనే ఎక్కి పుట్టింటికి."

"అది అరవై నాలుగు నాటి పెట్టె. ఇప్పుడా లైనులో..."

"అయితే రిజర్వేషను అక్కర్లేదన్నమాట!"

తర్వాత గొంతు మార్చి అసలు సంగతి చెప్పింది. ఆసుపత్రి వాళ్లు కొత్త వార్డుకి కర్టెన్లు కుట్టమన్నారు. యాభై రెండు కిటికీలు. ఆవిడ చేతికి అంత పెద్ద పని రావడం ఇదే మొదటిసారి. సోమవారం పొద్దున్న గుడ్డ తానులు దిగుతాయి. ఇంటి నేల మీద యాభై రెండు కర్టెన్లు కత్తిరిస్తే మొదట విరిగేది తన నడుమేనంది. బల్ల సోమవారానికి ఖాళీ కావాలంది.

కళ్లజోళ్లాయనకి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. రైలు విప్పితే మళ్లీ బిగించడం ఈ జన్మలో జరగదు. సరిగ్గా అప్పుడే ఆయన బుర్రలో ఓ దీపం వెలిగింది. దాని వెలుగు ఎంత దూరం పడుతుందో చూసుకోకుండానే నోరు తెరిచేశాడు.

"అసలిది ఎవరి బండి అనుకుంటున్నావు? మీ నాన్నగారిది!"

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

ఆవిడ నాన్న ముప్పై ఒక్క ఏళ్లు రాత్రి మెయిలులో ఉత్తరాలు విడగొట్టే ఉద్యోగం చేశాడు. ఉత్తరాల కోసమే తగిలించే తపాలా పెట్టెలో గూళ్ల ముందు నిలబడి, కదిలే రైల్లోనే ఊరూరికీ ఉత్తరాలు వేరుచేసేవాడు. ఆయన ఆ లైనులో పనిచేశాడన్న మాట నిజమే. అల్లుడు ఈ బండి మొదలుపెట్టింది ఆయన కోసమన్నది మాత్రం అప్పుడే, ఆ వంటింటి గుమ్మంలోనే పుట్టిన నిజం.

"మావయ్యగారిని ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

"పద్నాలుగు నెలల్నించీనా?"

"మంచి పనులు నిదానంగా అవుతాయి."

ఆవిడ కాసేపు ఆయన్నే చూసింది. "అరవై నాలుగు అన్నారు కదూ? ఆ ఏడాదేనా కచ్చితంగా? ఓ ఏడు అటూ ఇటూ కాదుగా?"

"కళ్లజోడు నంబరులో పావు తేడా వస్తే కన్ను ఒప్పుకుంటుందా? అరవై నాలుగు శీతాకాలం, అంతే! అంతకు ముందు కొత్త మూడో తరగతి పెట్టెలు లేవు. ఆ తర్వాత చెక్క తపాలా పెట్టె లేదు. రెండూ ఒకే బండిలో ఉన్నది ఆ ఒక్క శీతాకాలమే. టైంటేబులు పుస్తకం కూడా ఉంది నా దగ్గర."

"అబ్బో!" అని ఆవిడ నవ్వింది. "అయితే నాన్నని గురువారానికల్లా రమ్మంటా. పాపం, చూసి పొంగిపోతాడు."

ఆ నవ్వు చూసి ఆయన గండం గడిచిందనుకున్నాడు. దగ్గరి వస్తువు కనిపించని జబ్బు అందరికీ ఉన్నదే. ఆయన రోజూ వైద్యం చేసేదీ దానికే.

గడిచింది గండం కాదు, గడువని తెలిసింది మర్నాడు. బండిని స్వయంగా అందులో పనిచేసినాయన చూడబోతున్నాడు! కళ్లజోళ్లాయన కంగారుగా రివిట్ల మాస్టారుని పిలిపించాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆయన. ఏ రైలు పెట్టె బొమ్మ చూపించినా పక్కన ఎన్ని రివిట్లున్నాయో లెక్కపెట్టి, ఒకటి తక్కువైతే ఆ పూట అన్నం మానేస్తాడు. ఈ ఊళ్లో బొమ్మ రైళ్ల సంఘానికి అధ్యక్షుడాయనే. సభ్యుడు కళ్లజోళ్లాయన.

"తపాలా పెట్టె ఇంజను వెనకే ఉండాలా, చివరనా?" అని మొదలైంది చర్చ.

"వెనకే. లేదా చివర" అన్నాడు మాస్టారు పుస్తకాలు తిరగేసి.

"రంగు?"

ఫోటోలు తీశారు. అన్నీ నలుపు తెలుపువే.

"ఎరుపు రంగు ఫోటోలో ఎలా పడుతుంది?"

"నల్లగా."

"గోధుమరంగు?"

"అదీ నల్లగానే. కాకపోతే కాస్త నిజాయితీగా కనిపిస్తుంది."

అలా చరిత్ర తేలి, తపాలా పెట్టె గోధుమరంగుదైంది.

గురువారం మామగారు దిగాడు. సన్నటి మనిషి, నెమ్మదైన మాట, క్షణం ఊరుకోని చేతులు. చెప్పులు విప్పగానే గుమ్మంలో ఉన్న జోళ్లన్నీ సైజుల వారీగా వరసపెట్టాడు. మంచినీళ్లు తాగేలోపు చెంచాలు వేరుచేశాడు. ముప్పై ఒక్క ఏళ్లు గూళ్లలో ఉత్తరాలు వేసిన చేతులు మరి.

బల్ల దగ్గరికి తీసుకెళ్లారు. అల్లుడు మీట నొక్కాడు. బండి బుసలు కొడుతూ వంతెన దాటింది. ముసలాయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చాలా బాగుంది అల్లుడుగారూ" అన్నాడు. అల్లుడు గాలి పీల్చుకున్నాడు. "తపాలా పెట్టె మాత్రం ఎర్రగా ఉండేది."

పీల్చిన గాలి లోపలే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే పెట్టెకి ఎర్రరంగు పడింది. వేళ్లకంటిన రంగు ఆరకముందే దుకాణం తెరవాల్సొచ్చింది. ఆ రోజు కొత్త కళ్లజోళ్లు పెట్టుకున్న ముగ్గురికి లోకం ఓ మూల ఎర్రగా కనిపించింది. ఒకావిడ నేరుగా కళ్లడాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

శుక్రవారం మామగారికి ఇంకొంచెం గుర్తొచ్చింది. "నాలుగో మూడో తరగతి పెట్టె ఉండేది కాదు. ఆ చోట పాల వ్యాను ఉండేది."

"నాలుగో మూడో తరగతా?" అని రివిట్ల మాస్టారు రాసుకుంటూ తికమకపడ్డాడు.

"మూడో తరగతివి నాలుగు కాదు, మూడు. నాలుగోది మూడోది కాదు, పాలది."

ఆ వాక్యం ఆయన పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరికీ అర్థం కాదు గానీ, కొట్టేయడానికి ధైర్యం చాల్లేదు.

మామగారు చెప్పడం, అల్లుడు చెయ్యడం. "మా పెట్టెలో ఓ కిటికీకి అద్దం పగిలిపోతే అట్టముక్క పెట్టారు" అంటే గోరంత అద్దం పీకి అట్ట అంటించాడు. అద్దం తీసి అట్ట పెట్టడం ఆయన వృత్తిలో అదే మొదలు. ఆవిడ మాత్రం కాఫీలందిస్తూ, "ఇంకా గుర్తుచేసుకో నాన్నా, ఆయనకి చరిత్రంటే ప్రాణం" అంటూ పోయింది.

ఆదివారం పొద్దున్నకి బండి రూపం మారిపోయింది. ఎర్రటి తపాలా పెట్టె, అట్ట కిటికీ, పాల వ్యాను, వెనక గార్డు పెట్టె. ఇంజను ఒక్కటే చుట్టాల మధ్య చిక్కిన పెద్దమనిషిలా బిక్కముఖం వేసుకుని ఉంది.

"గార్డు పెట్టెలో మేక ఉండేది" అన్నాడు మామగారు.

"రోజూనా?" అన్నాడు అల్లుడు.

"గార్డుగారి మేక. ఇంట్లో వదిలితే తోట మేసేసేదట. అందుకని డ్యూటీకి తెచ్చుకునేవాడు."

"ఏ రంగు మేక?" అన్నాడు రివిట్ల మాస్టారు పెన్సిలు తడుపుకుంటూ.

అక్కడ తెగింది తాడు. కళ్లజోళ్లాయన ఎర్రవేళ్లు పైకెత్తి లేచి నిలబడ్డాడు. "చాలు మావయ్యగారూ! మీమీద గౌరవం వేరు, చరిత్ర వేరు. ఇకపైన ఈ బల్ల మీద రాసిపెట్టిన రుజువున్నదే ఉంటుంది. రుజువు లేనిది ఏదైనా సరే, బల్ల దిగాల్సిందే!"

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏదైనా సరేనా?"

"ఏదైనా సరే."

"మాట మీద నిలబడతారా?"

"నేనెప్పుడైనా మాట తప్పానా?"

ఆవిడ ఆ రెండు వారాల బల్ల వైపు ఓసారి చూసింది. "అన్నయ్యగారూ, మీరు సాక్షి" అంది రివిట్ల మాస్టారుతో. మాస్టారు డ్రిల్లులో నిలబడ్డట్టు నిలబడి, సరేనన్నాడు.

"నాన్నా, నీ డ్యూటీ డైరీ ఇలా ఇవ్వు."

మామగారు సంచీలోంచి నల్ల అట్ట డైరీ ఒకటి తీశాడు. అల్లుడి మొహం వెలిగింది. రాసిపెట్టిన రుజువు! పాల వ్యానూ మేకా ఇవాళతో దిగిపోతాయి. ఆత్రంగా కళ్లజోడు సవరించుకుని తనే చదవడం మొదలుపెట్టాడు.

"అరవై నాలుగు, అక్టోబరు పదిహేడు. ఎడతెరిపి లేని వాన. వంతెన పోయింది. బండి లేదు."

పేజీ తిప్పాడు. "పద్దెనిమిది. బండి లేదు. సంచులు లారీలో." తిప్పాడు. "పంతొమ్మిది. బండి లేదు. లారీ బురదలో దిగబడింది. తోశాం." నవంబరుకెళ్లాడు. "బండి లేదు." డిసెంబరు. "బండి లేదు. జలుబు."

"మరి... టైంటేబులు?" అన్నాడు పీలగా.

"అది సెప్టెంబరులోనే అచ్చేశారు బాబూ. పుస్తకం వచ్చింది గానీ బండి రాలేదు" అన్నాడు మామగారు. "వంతెన బాగయ్యేసరికి ఎండాకాలమొచ్చింది. అప్పటికి మా చెక్క పెట్టె తీసేసి ఇనప పెట్టె తగిలించారు."

అంటే పద్నాలుగు నెలలు వెతికి, కొలిచి, డబ్బాల్లో దాచి తెచ్చి కూర్చిన ఆ బండి, ఆ పెట్టెల వరసతో, లోకంలో ఎన్నడూ ఒక్క అడుగు కూడా నడవలేదు.

రివిట్ల మాస్టారు కళ్లు తడిశాయి. బాధతో అనుకుంటే పొరపాటు. "ఏమోయ్, అరవై నాలుగు శీతాకాలం అంటే ఖాళీ పట్టాలన్నమాట! ఇంత కచ్చితమైన నమూనా ఎవరూ చేసి ఉండరు. దించెయ్, బండి దించెయ్!"

ఒక్కొక్క పెట్టే దిగింది. మొదటి తరగతి దిగింది. మూడో తరగతివి మూడూ దిగాయి. తపాలా పెట్టె దించేటప్పుడు కళ్లజోళ్లాయన మొహం చూడలేక మామగారు కిటికీ వైపు తిరిగాడు.

"పట్టాలైనా ఉంటాయి" అని గొణిగాడు అల్లుడు.

"వరదకి పట్టాలు కూడా కొట్టుకుపోయాయి కదూ నాన్నా?" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

"మూడు మైళ్లు పోయాయమ్మా."

"అన్నయ్యగారూ, బొమ్మ లెక్కలో మూడు మైళ్లంటే ఎంత?"

మాస్టారు గబగబా గుణించాడు. "నూట అరవయ్యో వంతు... ముప్పై గజాల పైనే. బల్లేమో మూడు గజాలు కూడా లేదు. ఈ లెక్కన వరద బల్ల దాటి, గుమ్మం దాటి, ఎదురింటి వంటగది దాకా వెళ్తుంది!"

సాయంత్రానికి పట్టాలూ దిగాయి. స్టేషనొక్కటే కాసేపు నిలబడింది. తర్వాత ఆవిడ తడిగుడ్డతో బల్ల తుడుస్తూ దాన్నీ పక్కన పెట్టింది. స్టేషన్ మాస్టరు జెండా దించలేదు. అంతవరకు అతన్ని మెచ్చుకోవాలి.

సోమవారం పొద్దున్న తానులు దిగాయి. మధ్యాహ్నం కళ్లజోళ్లాయన భోజనానికొచ్చేసరికి బల్ల మీద నీలంగుడ్డ పరుచుకుని ఉంది. కత్తెర కరకరమంటోంది. ఆవిడ నడుము తిన్నగా నిలబెట్టి పనిచేస్తోంది. ఆ నడుమలా తిన్నగా ఉండటం చూసి ఎన్నాళ్లయిందో గుర్తుచేసుకోబోయి, లెక్క పద్నాలుగు నెలల దగ్గర ఆగగానే ఆయన చప్పున చూపు తిప్పుకున్నాడు.

వరండాలో మామగారు గుండీలు రంగుల వారీగా వేరుచేస్తున్నాడు. అల్లుడు వెళ్లి పక్కన కూలబడ్డాడు.

"మావయ్యగారూ, ఆ వరద సంగతి మీ అమ్మాయికి ముందే తెలుసా?"

"తెలియకపోవడమేం? చిన్నప్పుడు అన్నం తినిపించేటప్పుడు రోజూ ఆ కథే చెప్పేవాణ్ణి. లారీ బురదలో దిగబడ్డ చోట ఓ ముద్ద ఎక్కువ తినేది."

"మరి పద్నాలుగు నెలలు నోరు విప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను ఫోనులో. 'ఊరికే చెబితే ఏడాది మార్చేస్తారు నాన్నా, రుజువు కావాలని ఆయన నోటితోనే అనాలి' అంది. అరవై నాలుగు డైరీ ఒక్కటే తెమ్మంది. మేక సంగతి మాత్రం నేనే కలిపా. మీరు ఎంతకీ అనడం లేదు మరి."

కళ్లజోళ్లాయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తన ఎర్రవేళ్లు చూసుకుని, "ఎరుపు రంగు? అది కూడా కల్పనేనా?" అన్నాడు.

ముసలాయన చేతులు మొదటిసారి ఆగాయి. "రంగు నాకు తెలియదు బాబూ. చీకటిపడ్డాక ఎక్కేవాణ్ణి, తెల్లారకముందే దిగేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పెట్టె లోపలే ఉన్నా. ఆ బండి వెళ్తుంటే బయట నిలబడి చూసిందే లేదు. ఆ రోజు మీరు మీట నొక్కినప్పుడే మొదటిసారి చూశా." ఓ నల్ల గుండీ తీసి నల్లవాటిలో వేశాడు. "ఇంకోసారి చూద్దామనుకునేలోపు వరదొచ్చింది."

కళ్లజోళ్లాయన లేచి లోపలికెళ్లాడు. కత్తెర ఆగేదాకా నిలబడ్డాడు.

"ఏమే..."

"బల్ల ఇవ్వను."

"బల్ల కాదు. మావయ్యగారు ఓసారి బండి చూడాలంటున్నారు. ఈసారి నిజంగానే. అబద్ధం కాదు."

ఆవిడ కత్తెరతో బల్ల కిందికి చూపించింది. ఆయన వంగి చూశాడు. అక్కడ నేలంతా ఊడ్చి, పట్టాలు అప్పటికే గుండ్రంగా పరిచి ఉన్నాయి. ఒకచోట అతుకు వంకరగా ఉంది గానీ, ఆ పూట ఎవరినీ తప్పుపట్టే ఓపిక ఆయనకి లేదు. నీలం కర్టెను గుడ్డ రెండు వైపులా వేలాడి సొరంగంలా ఉంది.

"నేను గుడ్డ పైనే కోసుకుంటా. మీరు కిందే నడుపుకోండి" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. అలవాటు ఊరుకోనివ్వదుగా. "పెట్టెలు ఏవి తగిలించమంటావు? ఏ ఏడాది బండి అనుకోవాలి?"

"నడిచిన ఏడాదిది."

మామగారు పీట వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. అల్లుడు మోకాళ్ల మీద కిందికి దూరి, ఎర్రటి తపాలా పెట్టెని ఇంజను వెనక తగిలించి మీట నొక్కాడు. బండి గుడ్డ చాటుకి వెళ్లి, అటువైపు బయటికొచ్చింది. ముసలాయన చుబుకం కింద చెయ్యి పెట్టుకుని, దాని వెంటే తల తిప్పుతూ చూశాడు.

"ఎలా ఉంది నాన్నా?" అంది ఆవిడ పైనుంచి.

"ఎక్కడా ఆగడం లేదమ్మా. హాయిగా ఉంది."

"అయితే కిందున్న ఆ డ్రైవరుగారితో చెప్పు, గుండుసూదులు పడుతున్నాయి, ఏరి పెట్టమని."

బల్ల కిందనుంచి "అబ్బా!" అని కేక వినిపించింది. మొదటిది అప్పటికే దొరికినట్టుంది.